ఒట్టో ఆక్టేవియస్ లెక్క ఎక్కడ తప్పింది

మా మావయ్యకి మొగల్తూరు వైపు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉండేది. 2004 వానాకాలంలో, నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, మేత బస్తాల కోసం భీమవరం వచ్చి, బండి లోడయ్యేదాకా పని లేదని నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళాడు. 'స్పైడర్ మ్యాన్ 2', తెలుగు డబ్బింగ్. అప్పటికే ఆయనకి రెండు పంటలు వరసగా పోయాయి. రెండుసార్లూ తెల్లమచ్చ వ్యాధే. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన యాభై అరవై రోజులకి రొయ్యలు గట్ల వెంట చేరడం మొదలయ్యేది. చేతిలోకి తీసుకుని చూస్తే పెంకు మీద తెల్లటి చుక్కలు. ఇక నాలుగైదు రోజులే. హడావుడిగా పట్టుబడి చేస్తే చేతికొచ్చేది చిన్న రొయ్య, చిన్న డబ్బు. మూడో పంటకి అప్పు తెచ్చాడు. ఇంట్లో ఎవరేమన్నా ఒకటే మాట: "లెక్క తప్పలేదు. సీడ్ బాగోలేదంతే."

సినిమాలో డాక్టర్ ఒట్టో ఆక్టేవియస్ తన ల్యాబ్‌లో బుల్లి సూర్యుణ్ణి వెలిగిస్తాడు. అది పెరిగిపోతూ, గదిలోని ఇనుప సామానంతా తనలోకి లాగేసుకుంటూ ఉంటుంది. జనం పరుగులు పెడుతుంటారు. ఆపమని స్పైడర్ మ్యాన్ అరుస్తాడు. కాసేపట్లో సర్దుకుంటుందంటాడు ఒట్టో. నా పక్క సీట్లో మావయ్య ముందుకి జరిగి కూర్చుని, "ఆగితే సర్దుకుంటుంది, ఆగనిస్తే కదా!" అన్నాడు. ఆయన హీరో మీద విసుక్కున్నాడు. ఆ హాల్లో విలన్ వైపు ఉన్న మనిషి ఆయనొక్కడేనేమో.

ఈ ఇరవై ఏళ్ళలో ఆ సినిమా చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఆ మాట దగ్గరే ఆగిపోతాను. రెండో భాగం మొదటి భాగాన్ని మించిన సినిమాల గురించి మాటలొస్తే దీని పేరు తప్పకుండా వస్తుంది. రైలు ఫైటు బాగుంటుందంటారు, గ్రాఫిక్స్‌కి ఆస్కార్ వచ్చిందంటారు. రెండూ నిజమే. అయినా ఈ సినిమాని అంత ఎత్తుకి మోసింది ఒట్టోగా చేసిన ఆల్ఫ్రెడ్ మొలీనా అని నా గట్టి నమ్మకం. ఆయన చేసిన పాత్రని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారని కూడా. వీపుకి అతుక్కున్న యంత్రపు చేతులు మంచివాణ్ణి ఆవహించి చెడగొట్టాయని వాళ్ళు చెప్పే కథ. అంటే పూనకం. మొలీనా ముఖంలో నాకు పూనకం ఎక్కడా కనపడదు. కనపడేది పంతం.

ముందు ఆ భోజనం సీను. కామిక్స్‌లో ఒట్టోని, అంటే డాక్టర్ ఆక్టోపస్‌ని, 1963లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించారు. ఆ కథలో అతనికి భార్య రోజీ లేదు. ఆమె సినిమా కోసం పుట్టిన మనిషి. స్క్రీన్‌ప్లే రాసిన ఆల్విన్ సార్జెంట్‌కి అప్పటికి డెబ్భై దాటాయి, ఇంట్లో రెండు ఆస్కార్లున్నాయి. ఒక సూపర్ హీరో సినిమాలో విలన్‌కి పెళ్ళాన్నిచ్చి, ఇద్దర్నీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా ఒక కుర్ర విద్యార్థిని పెట్టి మాట్లాడించాడు. ఆ కుర్రాడు పీటర్, ముసుగు తీసిన స్పైడర్ మ్యాన్. వచ్చింది ఒట్టో మీద కాలేజీకి వ్యాసం రాసుకోవడానికి. ఒట్టో మాత్రం నీకు గర్ల్‌ఫ్రెండ్ ఉందా అని అడుగుతాడు. సరిగ్గా తెలియదంటాడు పీటర్. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందంటాడు ఒట్టో. తానూ రోజీ కాలేజీలో కలిసిన రోజుల్లో తను సాపేక్ష సిద్ధాంతం వివరించబోతే, ఆవిడ టి.ఎస్. ఎలియట్ కవిత్వం వివరించబోయిందట. ఆ కవి ఏం చెప్పాడో ఇప్పటికీ అర్థం కాలేదంటూ నవ్వుతాడు. అమ్మాయికి కవిత్వం వినిపించమని సలహా ఇస్తాడు. తర్వాత పీటర్ నిజంగానే కవిత్వం పట్టుకుంటాడు కూడా.

ఆ సీన్లో మొలీనా చేసేదంతా కళ్ళతోనే. రోజీ మాట్లాడుతుంటే ఆమెకేసి చూస్తాడు. ఆ కథ వందసార్లు విన్నవాడి చూపు, ఇంకోసారి వినడానికి ఇష్టపడే చూపు. రోజీగా చేసిన డోనా మర్ఫీ కూడా అంతే తేలిగ్గా, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. తెర మీద వాళ్ళిద్దరూ కలిసి ఉండేది కొన్ని నిమిషాలే. అయినా ఆవిడ పోయాక ఆ ఇల్లు ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఇలాంటి సినిమాల్లో విలన్ పోగొట్టుకున్నదాన్ని ఒక్క ఫ్లాష్‌బ్యాక్ ముక్కలో, ఒక ఫోటో ఫ్రేములో చూపించి, జాలిపడమంటారు. ఇక్కడ మనం ఆ ఇంట్లో భోజనం చేసి వచ్చాం.

ఆ బల్ల దగ్గరే ఇంకో సంగతి జరుగుతుంది. ఈ సంలీన చర్యని, అంటే ఆ బుల్లి సూర్యుణ్ణి వెలిగించే ఫ్యూజన్‌ని, అదుపులో పెట్టగలనని మీకు నమ్మకమేనా అని పీటర్ మర్యాదగానే అడుగుతాడు. గంటన్నర నుంచి మనం మాట్లాడుకుంటున్నదేమిటంటాడు ఒట్టో. ఇది తన జీవితకాలపు పని అనీ, చిన్న లెక్క తప్పితే ఏమవుతుందో తనకి తెలుసనీ అంటాడు. గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. అందుకే ప్రమాదం మనకి కనపడదు. పిల్లవాడి సందేహాన్ని ఇంత మురిపెంగా కొట్టిపారేసే పెద్దవాళ్ళు మన ఇళ్ళన్నిటిలోనూ ఉంటారు.

ప్రయోగం రోజున కూడా ఒట్టో హాయిగానే ఉంటాడు. రబ్బరు బ్యాండు చుట్టిన ఇరవై డాలర్ల నోట్ల కట్ట ఎవరైనా పోగొట్టుకున్నారా అని అతిథులని అడుగుతాడు. రబ్బరు బ్యాండు మాత్రం తమకి దొరికిందంటాడు. అందరూ నవ్వుతారు. వెన్నెముకకి నాలుగు యంత్రపు చేతులు తగిలించుకున్నాక ఒకరు అడుగుతారు, వీటి తెలివి మిమ్మల్నే లొంగదీసుకుంటే ఎలా అని. మెడ వెనకున్న చిన్న చిప్ చూపిస్తాడు. అది ఉన్నంతకాలం చేతులు తన మాట వింటాయి.

ఇప్పుడు వరస గమనించండి. నా వాదనంతా ఈ వరస మీదే ఆధారపడి ఉంది. మంట అదుపు తప్పుతుంది. సర్దుకుంటుంది, నా అదుపులోనే ఉంది అంటాడు ఒట్టో. కిటికీ అద్దాలు పగిలి రోజీ మీదకి దూసుకొస్తాయి, ఆవిడ చనిపోతుంది. ఆ తర్వాతే కరెంటు ఒట్టో ఒంట్లోంచి పాకి చిప్ కాలిపోతుంది. అంటే ఆపనన్న మాట అన్నప్పుడు చిప్ నిక్షేపంగా ఉంది. చేతులు చెప్పిన మాట వింటూనే ఉన్నాయి. భార్య ప్రాణం తీసిన ఆ మాట ఒట్టోది. పూర్తిగా అతనిదే.

ఆస్పత్రి సీను గురించి ఎంతైనా రాయొచ్చు, కొంచెమే రాస్తాను. దర్శకుడు శామ్ రైమీ 1981లో హారర్ సినిమాతోనే పేరు తెచ్చుకున్నాడు. డాక్టర్లు ఆ చేతుల్ని రంపంతో కోయబోతే అవి లేచి వాళ్ళని చంపే ఆ రెండు నిమిషాలూ ఆయన పాత ఇంటికి తిరిగొచ్చినట్టు తీశాడు. సంగీతం లేదు. అరుపులు, లోహపు చప్పుళ్ళు, నేల మీద గోళ్ళు గీరుకుంటూ వెనక్కి జారిపోయే ఒక నర్సు. ఇంత ఘోరం జరుగుతున్నంతసేపూ ఒట్టో బోర్లా, స్పృహ లేకుండా పడుకుని ఉంటాడు. లేచి చుట్టూ శవాల్ని చూసి "నో" అని అరుస్తాడు. ఆ హత్యల వరకు నేనూ చేతుల మీదే నేరం వేస్తాను.

అక్కణ్ణుంచి నది ఒడ్డున పాడుబడ్డ చోటుకి చేరతాడు. ఈ సినిమా మొత్తంలో గొప్ప నటన నాకు అక్కడ కనపడుతుంది. తెర మీద ఒక్కడే మనిషి. రోజీ పోయింది, నా కల పోయింది, ఈ రాక్షసి చేతులు నాతో సహా ఈ నది అడుగున ఉండాలి అంటాడు. అప్పుడు తలలో ఏదో మాట్లాడుతున్నట్టు వింటాడు. చేతులు అతని ముఖం ముందుకి వచ్చి పడగల్లా నిలబడతాయి. ఇక్కడ రచయిత, దర్శకుడు ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. ఆ చేతులకి గొంతు ఇవ్వలేదు. అవి ఏమంటున్నాయో మనకి వినపడదు. ఒట్టో జవాబులే వినపడతాయి. పీటర్ చెప్పింది నిజమే, లెక్క తప్పాను అంటాడు. ఒక్క క్షణం ఆగుతాడు. మొలీనా ముఖం అప్పుడు నెమ్మదిగా మారుతుంది, దుఃఖం పక్కకి జరిగి ఆశ లాంటిదేదో వస్తుంది. నేను లెక్క తప్పి ఉండను, అది పనిచేస్తోంది కదా అంటాడు. మళ్ళీ కట్టొచ్చు, ఇంకా పెద్దది కట్టొచ్చు. డబ్బు? దొంగతనమా, నేను నేరస్తుణ్ణి కాను. మొదలుపెట్టింది పూర్తి చెయ్యకపోవడమే అసలు నేరం.

ఈ మాటలన్నీ ఒక్క నోటి నుంచే వస్తాయి. పూనకమే అయితే గొంతు మారాలి, చూపు మారాలి. మొలీనా ఏదీ మార్చడు. భోజనాల బల్ల దగ్గర విన్న ఆ గొంతుతోనే మాట్లాడతాడు. చేతులు అతనికి కొత్తగా చెప్పిందేమీ లేదు. అతను వినాలనుకున్నదే చెప్పాయి. లెక్క తప్పలేదు అనే ఆ ఒక్క మాట కోసం ఒట్టో బ్యాంకు కొల్లగొట్టాడు, రైలు నిండా జనాన్ని చావు అంచుకి నెట్టాడు. ఎందుకంటే లెక్క తప్పిందని ఒప్పుకుంటే రోజీని చంపింది తనే అని ఒప్పుకోవాలి. భార్యని అంతగా ప్రేమించిన మనిషి ఆ వాక్యం ఎలా పూర్తి చేస్తాడు?

పంతం అంటే ఏమిటో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుణ్ణి 1977లో ఎన్.టి.ఆర్. ఎంత రాజసంగా చేశారో, అందులోనే కృష్ణుడూ కర్ణుడూ ఆయనే అయినా జనం ఆ సుయోధనుణ్ణే ఎలా గుండెల్లో పెట్టుకున్నారో మనం చూశాం. అంతకుముందు 1963లో ఎస్.వి. రంగారావు కీచకుడిగా చేస్తే జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ప్రతినాయకుడి ముఖంలో మనిషిని వెతకడం మన ప్రేక్షకుడికి ఏనాటి నుంచో ఉన్న అలవాటు. భీమవరంలో మా మావయ్య చేసిందీ అదే.

ముఖం అన్నాను కాబట్టి ఒక మాట. 2002లో వచ్చిన మొదటి భాగంలో విలన్‌గా చేసిన విల్లెం డఫో మహా నటుడు. కానీ పోరాటాల్లో ఆయన ముఖాన్ని ఆకుపచ్చ తొడుగు కప్పేసింది. రెండో భాగంలో విలన్‌కి ముసుగు లేదు. నల్ల కళ్ళద్దాలు, పొడవాటి కోటు, అంతే. షూటింగ్ నాటికి మొలీనాకి యాభై ఏళ్ళు. కోటు తెరుచుకుంటే బొజ్జ కనపడుతుంది. ఆ ఒళ్ళు మన వీధిలో నడిచే పెద్దమనిషి ఒళ్ళు. కళ్ళద్దాలు తీసినప్పుడల్లా ఒట్టో బయటికొస్తాడు, పెట్టుకున్నప్పుడల్లా లోపలికి వెళ్ళిపోతాడు.

ఆ చేతుల వెనక మనుషులున్నారన్న సంగతి నాకు చాలా ఇష్టం. దూకుళ్ళూ పోరాటాలూ చాలావరకు కంప్యూటర్ పనే. కానీ దగ్గరి షాట్లలో ఉన్నవి నిజం చేతులు. ఒక్కో చేతికి నలుగురు చొప్పున పదహారుమంది ఆడించేవారు. మొలీనాతో కలిసి రిహార్సల్స్ చేసేవారు. ఆయన వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు: ల్యారీ, హ్యారీ, మో, ఫ్లో. కళ్ళద్దాలు తియ్యడం లాంటి సున్నితమైన పనులు చేసే చేతిని ఆడించేది ఒక మహిళ కాబట్టి దానికి ఫ్లో అని ఆడపేరు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో తోలుబొమ్మలాట చూశాను. తెర వెనక మనిషి కాలితో చెక్క తొక్కుతూ, పద్యం పాడుతూ, రెండు చేతుల్తో బొమ్మల్ని ఆడిస్తుంటే అవి నిజంగానే ఒకదాని మాట ఒకటి వింటున్నట్టు ఉండేవి. నది ఒడ్డు సీన్లో మొలీనా వింటున్నది శూన్యాన్ని కాదు. ఎదురుగా ఊపిరి తీసుకునే మనిషి ఆడిస్తున్న బొమ్మని. ఆ తేడా ఆయన కళ్ళల్లో ఉంది.

రైలు ఫైటే ఈ సినిమాకి ప్రాణం అనేవాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. ముసుగు లేని కుర్రాణ్ణి ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి మోసుకెళ్ళే ఆ దృశ్యం చూసి నేనూ ఏడ్చాను. అయితే ఆ దృశ్యానికి బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? పీటర్ ఒంటి మీద దెబ్బలు వేసినవాడు కొన్ని రోజుల ముందు అతనికి అన్నం పెట్టినవాడు.

అసలు పేచీ హీత్ లెడ్జర్ అభిమానులతో. 2008లో బ్యాట్‌మ్యాన్ సినిమా 'ది డార్క్ నైట్'లో ఆయన చేసిన జోకర్ తర్వాత, గొప్ప విలన్ అంటే అలాగే ఉండాలన్న కొలత ఒకటి స్థిరపడిపోయింది. గతం ఉండకూడదు, కారణం ఉండకూడదు, చూస్తే వణుకు పుట్టాలి. లెడ్జర్ నటన అద్భుతం, చనిపోయాక వచ్చిన ఆస్కార్‌కి నూటికి నూరుపాళ్ళూ అర్హుడు. తన మచ్చల గురించి ఒక్కోసారి ఒక్కో కథ చెప్పే ఆ జోకర్ మనకి ఎప్పటికీ దొరకడు. కానీ దొరకని విలన్‌ని చూసి భయపడటం సులువు. దొరికినవాణ్ణి, మన ఇంట్లో మనిషిలా ఉన్నవాణ్ణి చూస్తూ, వీడు ఇప్పటికైనా ఆగితే బాగుణ్ణు అని లోపల్లోపల వేడుకోవడం కష్టం. నేను ఆ రెండో అనుభవాన్నే పెద్దదంటాను.

క్లైమాక్స్‌లో మళ్ళీ అదే మంట, మొదటిసారి కన్నా ఎంతో పెద్దది. పీటర్ ముసుగు తీస్తాడు. ఒట్టో అతణ్ణి గుర్తుపట్టి, తెలివైనవాడు కానీ బద్ధకస్తుడు అంటాడు. భోజనం నాటి పరిచయంలో, పీటర్ గురించి తను విన్నానంటూ చెప్పిన మాటే అది. తెలివి మానవాళి మేలు కోసం వాడాల్సిన వరమని మీరే చెప్పారు కదా అంటాడు పీటర్. ఒట్టో నెమ్మదిగా "ఒక హక్కు" అంటాడు. ఇంగ్లీషులో ఆ మాట 'ప్రివిలేజ్'. ఈ ఒక్క మాట పట్టుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మొదట్లో ఒట్టో చెప్పింది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: తెలివి ప్రివిలేజ్ కాదు, వరం అని. తన పాఠం తనే మర్చిపోయాడు. మొలీనా ఆ మాటని గర్వంగా అనడు. ఎప్పుడో చదివిన పద్యంలో పాదం గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా అంటాడు, తప్పుగా గుర్తు తెచ్చుకుంటాడు.

అది నా కల అంటాడు. సరైన పని చెయ్యాలంటే ఒక్కోసారి మనకి అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని, కలల్ని కూడా, వదులుకోవాలంటాడు పీటర్. ఆ మాట పీటర్‌ది కాదు, అతని మే అత్తది. ఒట్టో ఒప్పుకుంటాడు. పీటర్ ఒప్పించాక చేతుల వైపు తిరిగి, కుర్రాడు చెప్పింది నిజమని వాటికి చెప్తాడు. అవి పెనుగులాడతాయి, లోబడతాయి. చిప్ లేదు. ఎవరూ బాగు చెయ్యలేదు. తన పంతాన్ని తనే దించుకుని, రాక్షసుడిగా చావనని, ఆ సూర్యుణ్ణి నదిలోకి లాక్కుపోతాడు. నీళ్ళల్లో కిందకి జారుతుంటే చేతుల చివర్ల ఎర్రటి వెలుగులు ఆరిపోతాయి.

ఇందుకే 2021లో 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్'లో మొలీనా మళ్ళీ ఇదే పాత్రలో వచ్చినప్పుడు నా మనసు సగమే నిండింది. వయసు తగ్గించిన ఆ ముఖం, ఆ నవ్వు చూసి సంతోషించాను. పెద్దవాడైన పీటర్‌ని చూసి ఎలా ఉన్నావని పలకరించే చోట గొంతు పట్టేసింది. కానీ అక్కడ అతనికి కొత్త చిప్ తగిలిస్తారు, వెంటనే మంచివాడైపోతాడు. జబ్బు యంత్రంలోనే ఉందని ఆ కథ తేల్చేసింది. 2004లో ఆ మనిషి ప్రాణం పెట్టి సంపాదించుకున్నదాన్ని, ఇక్కడ ఒక రిపేరుతో చేతిలో పెట్టారు.

ఆ రోజు హాల్లోంచి బయటికొచ్చాక మావయ్య ఏమీ మాట్లాడలేదు. మేత బస్తాల మీద టార్పాలిన్ కప్పించి, తాళ్ళు బిగించి, నా చేతిలో యాభై రూపాయలు పెట్టి బండెక్కాడు. మూడో పంట కూడా పోయింది. నాలుగో పంట వేశాడు, అదీ పోయింది. 2006 సంక్రాంతి వెళ్ళాక చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు కొనేవాణ్ణి తనే పిలిపించాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బతిమాలలేదు. ఆ సాయంత్రం నేను గట్టు మీద ఉన్నాను. వాళ్ళు మోటార్లు ఊడదీసి ట్రాక్టర్ మీదకి ఎక్కిస్తుంటే, ఆయన తూము దగ్గర నిలబడి నీళ్ళు పోతుంటే చూస్తూ ఉన్నాడు. చీకటి పడ్డాక నా వైపు తిరక్కుండానే అన్నాడు:

"మొదటి పంటకే తెలుసురా నాకు, లెక్క తప్పిందని."